దూరవైద్యము – ఆపత్సహాయము : క్లౌడ్ కంప్యూటింగ్ పాత్ర

మనిషికి రోగం రావడం సహజం. వైద్యుడు అందుబాటులో లేని వేళ రావడమే విషాదం. మన తాతల కాలంలో రోగిని మంచం మీద పరుండబెట్టి, నలుగురు మోసుకొని, వైద్యుడున్న ఊరికి నడిచిపోయేవారు. నేడు హైదరాబాదు నగరంలో, అందులోనూ దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల ప్రాంతంలో, ఆస్పత్రులకు కొదువ లేదు. అయినప్పటికీ దూరమనేది పూర్తిగా తొలగిపోలేదు. రోగిని గురించి వైద్యునికి తెలియని విషయాలెన్ని ఉన్నవో, అవన్నీ కూడ ఒక విధమైన దూరమే. ఈ రెండవ దూరాన్ని తగ్గించుటకు ఆధునిక శాస్త్రం మనకిచ్చిన సాధనాలలో క్లౌడ్ కంప్యూటింగ్ ముఖ్యమైనది. అది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో, మనం దానికి ఏ విధంగా తోడ్పడవలెనో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక అనుభవము

శాస్త్రవిషయంలోనికి పోయే ముందు ఒక సంఘటన చెప్పవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రిందట నా విద్యార్థి ఒకడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక హాస్టల్లో ఉండి చదువుకొనేవాడు. ఒకనాటి రాత్రి అతడు మంచం మీద నుండి క్రిందపడి కాళ్ళు చేతులు కొట్టుకోసాగాడు. గదిలోని మిత్రులు భయపడి అతని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. పండ్ల మధ్య చెంచా దూర్చబోయారు. ఒకడు 108కి టెలిఫోను చేసి, "దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలండీ, తొందరగా రండి" అన్నాడు. ఏ హాస్టలు, ఏ వీధి, దేని ప్రక్కన అని అవతలివారు అడుగగా అతడు చెప్పలేకపోయాడు. చేరి నెల రోజులైనా కాలేదు. ఆ ప్రాంతంలో హాస్టలు బోర్డు లేని సందు అరుదు. అంబులెన్సు పెద్ద రోడ్డు మీదికి వచ్చి, దారి తెలియక నిలిచిపోగా, టీ దుకాణం నడిపే ఒక పెద్దమనిషి ముందు నడిచి దానిని సందులోనికి తీసుకొనివచ్చినాడు.

కబురందిన నేను ఆస్పత్రికి పోయినప్పుడు డాక్టరుగారు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగినారు: ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా? ఏమి మందులు వాడుచున్నాడు? ఏ మందైనా ఇతనికి పడదా? మాలో ఒక్కరికీ జవాబు తెలియదు. మరునాడు ఉదయం నల్లగొండ వైపు నుండి వచ్చిన అతని తండ్రి, "చిన్నప్పటి నుంచి ఫిట్సు గోలీలు వాడుతున్నడు సారూ. ఇక్కడికొచ్చినంక ఆపిండేమో. మాకొక ఫోను చేసినా చెప్పేటోళ్ళం గద!" అని కండ్లనీళ్ళు పెట్టుకొన్నాడు. పిల్లవాడు కోలుకొన్నాడు. కాని ఆ రాత్రి లోపం అంబులెన్సుది కాదు, ఆస్పత్రిది కాదు, మాది. అవసరమైన సమాచారం ప్రపంచంలో ఉన్నది. అవసరమైన చోట లేదు. ఇదే మన సమస్య.

క్లౌడ్ కంప్యూటింగ్ అనగానేమి?

ఇంట్లో బావి త్రవ్వుకొన్నవాడు దాని పూడిక తానే తీయించుకోవాలి, మోటారు చెడిపోతే తానే బాగుచేయించుకోవాలి. కొళాయి పెట్టించుకొన్నవాడు త్రిప్పినంత నీరు వాడుకొని, వాడినంతకు పైకం చెల్లిస్తాడు. కంప్యూటరు శక్తి విషయంలోనూ ఇట్టి మార్పే జరిగినది. పూర్వం ప్రతి ఆస్పత్రీ, ప్రతి కార్యాలయమూ తన కంప్యూటర్లను తానే కొని, ఒక గదిలో ఉంచి, తానే కాపాడుకొనేది. క్లౌడ్ పద్ధతిలో ఆ పని పెద్ద పెద్ద డేటా సెంటర్లు చేస్తాయి. వాడుకొనేవారు ఇంటర్నెట్టు ద్వారా తమకు కావలసినంత నిల్వస్థలాన్నీ, గణనశక్తినీ తీసుకొంటారు.

ఈ భావన సరిక్రొత్తది కాదు. కంప్యూటరు శక్తి ఏనాటికైనా టెలిఫోను వలె ప్రజోపయోగ సేవ కాగలదని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ 1961లోనే ఊహించినాడు. 2006లో అమెజాన్ సంస్థ ఇట్టి సేవలను ప్రారంభించినది. ఆ సంస్థే 2022 నవంబరులో హైదరాబాదు పేరుతో ఒక డేటా సెంటర్ల సముదాయాన్ని ప్రారంభించినది. భారత ప్రభుత్వం కూడ 2014లో తన సొంత క్లౌడును ఆరంభించి, దానికి 'మేఘరాజ్' అని పేరు పెట్టినది. మేఘమన్నంత మాత్రాన అది ఆకాశంలో ఉన్నదని విద్యార్థులు భ్రమపడరాదు. అది నేల మీద, గోడల మధ్య, విద్యుచ్ఛక్తితో నడిచే యంత్రాల సముదాయం. ఎక్కడ ఉన్నదో తెలియకున్నా పని జరుగును గావున దానికి ఆ పేరు వచ్చినది.

వైద్యానికి దీనివలన కలిగే ప్రయోజనాలు ప్రధానంగా మూడు. మొదటిది, ఒక చోట వ్రాసిన సమాచారాన్ని అనుమతి ఉన్నవారు మరొక చోట చూడవచ్చును. రెండవది, అకస్మాత్తుగా అవసరం పెరిగినప్పుడు, అనగా అంటువ్యాధి ప్రబలినప్పుడో, పెద్ద ప్రమాదం జరిగినప్పుడో, యంత్రశక్తిని వెంటనే పెంచుకొనవచ్చును. మూడవది, ఒక సెంటరు దెబ్బతిన్నా మరొకచోట ప్రతి ఉండేటట్లు ముందుగానే ఏర్పాటు చేసుకొనవచ్చును.

దూరవైద్యం నడచివచ్చిన దారి

రోగి ఒకచోట, వైద్యుడు మరొకచోట ఉండగా చేసే చికిత్సను దూరవైద్యమంటారు. హాలెండులోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు 1905లో ఆస్పత్రిలోని రోగి గుండె స్పందనలను, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ ద్వారా రప్పించి నమోదు చేసినాడు. నేడు ఇ.సి.జి. అని మనం పిలిచే పరీక్షకు రూపమిచ్చినవాడు ఇతడే. అనగా ఇ.సి.జి. తొలినాళ్ళలోనే దూరవైద్యమూ మొదలైనదన్నమాట.

మన తెలుగునేల మీద ఈ ప్రయోగానికి చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామం వేదికయినది. అపోలో ఆస్పత్రుల స్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామమిది. 2000 మార్చిలో, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చిన సందర్భంలో, అక్కడి ఆస్పత్రి దూరవైద్య కేంద్రం ప్రారంభమైనది. ఆ రోజులలో ఉపగ్రహం ద్వారా చిత్రాలను పంపేవారు.

ఇరువది ఏండ్లు గడిచేసరికి పరిస్థితి మారినది. కేంద్ర ఆరోగ్యశాఖ కొరకు మొహాలీలోని సి-డాక్ సంస్థ తయారుచేసిన 'ఇ-సంజీవని' క్లౌడ్ ఆధారంగా పనిచేసే సేవ. 2019 నవంబరులో ఇది మొదలైనది. మొట్టమొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పల్లెలోని ఆరోగ్యకేంద్రంలో రోగి కూర్చుండగా అక్కడి సిబ్బంది రక్తపోటు, జ్వరం చూసి నమోదు చేస్తారు. పట్టణంలోని వైద్యుడు తెర మీద రోగితో మాట్లాడి మందుచీటీ వ్రాస్తాడు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ నుండి, ఇంటి నుండే వైద్యుని సంప్రదించే ఏర్పాటు కూడ చేసినారు. 2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద ఈ సేవ ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి.

ఇక్కడ ఒక శాస్త్రీయాంశం గమనింపదగినది. ఒక ఇ.సి.జి. పటం కంప్యూటరు లెక్కలో చాల చిన్నది; సామాన్యమైన మొబైల్ సంబంధం మీద కూడ క్షణాలలో పోగలదు. ఎక్స్‌రే చిత్రం అంతకంటె పెద్దది. సి.టి. స్కాన్ పూర్తి చిత్రమాల వందల మెగాబైట్లు ఉండవచ్చును. కావున గుండెపోటు వచ్చిన రోగి విషయంలో చిన్న ఆస్పత్రి నుండి పెద్ద ఆస్పత్రికి ఇ.సి.జి. పంపి, రోగి చేరేలోగా నిపుణుని సలహా పొందడం ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. గుండెకు రక్తం అందని ప్రతి నిమిషం కొంత కండరం నశిస్తుంది. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చిన వారికి గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపుననే ఇవ్వవలసి ఉన్నది. ఇక్కడ సమాచారం ముందుగా చేరడమే చికిత్సకు ఆరంభం.

108 : మన ఊరిలో పుట్టిన సేవ

ఆపదలో పిలువదగిన ఒకే నంబరు అనే ఏర్పాటు 1937లో లండనులో 999తో ఆరంభమైనది. అమెరికాలో 911 నంబరు 1968లో అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న పట్టణంలో మొదలైనది. మనకు 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. నాటి సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ దీనికి మూలం. 2009లో సత్యం వ్యవహారం బయటపడిన పిమ్మట జి.వి.కె. సంస్థ దీనిని చేపట్టినది. స్థాపకుల సంస్థ కూలినా సేవ నిలిచినది. ఇతర రాష్ట్రాలకూ విస్తరించినది.

ఈ సేవ నడిచే విధానాన్ని మూడు మెట్లుగా చెప్పవచ్చును: తెలుసుకొనుట, చేరుకొనుట, కాపాడుట. పిలుపు రాగానే కేంద్రంలోని ఉద్యోగి విషయం, స్థలం నమోదు చేస్తాడు. దగ్గరలో ఉన్న అంబులెన్సును పటం మీద గుర్తించి పంపుతారు. అంబులెన్సులో శిక్షణ పొందిన సహాయకుడు ఉంటాడు. అతనికి సందేహం కలిగినప్పుడు కేంద్రంలోని డాక్టరు టెలిఫోనులో సలహా ఇస్తాడు. క్లౌడ్ అనే మాట ప్రచారంలోనికి రాకముందే పుట్టినప్పటికీ, సమాచారాన్ని ఒకచోట చేర్చి అందరికీ అందించుట అనే సూత్రం ఇందులో ఉన్నది. క్లౌడ్ దానికి మరింత బలమిస్తుంది. అంబులెన్సులో తీసిన ఇ.సి.జి.ని, రక్తపోటు అంకెలను ఆస్పత్రిలోని వైద్యుడు అదే నిమిషంలో చూడగలడు. ఏ ఆస్పత్రిలో పడక ఖాళీగా ఉన్నదో డ్రైవరు దారిలోనే తెలుసుకొనగలడు.

దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ పరిస్థితి

మన ప్రాంతం ఈ విషయంలో ప్రత్యేకమైనది. విజయవాడ రహదారీ, నాగార్జునసాగర్ రోడ్డూ ఎల్.బి.నగర్ కూడలి నుండి విడిపోతాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల నుండి వచ్చేవారికి నగరం ఇక్కడే మొదలవుతుంది. కోచింగు సెంటర్ల కొరకు వచ్చిన వేలాది విద్యార్థులు తల్లిదండ్రులకు దూరంగా హాస్టళ్ళలో ఉంటారు. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉండిన స్థలంలో 2022 ఏప్రిల్‌లో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగినది. ఆస్పత్రి దగ్గరలో ఉండుట వేరు, సమయానికి అందులో చేరుట వేరు. మొదటిది ప్రభుత్వం చేయవలసిన పని. రెండవదానిలో మనకూ పాత్ర ఉన్నది.

2013 ఫిబ్రవరి 21న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది నిమిషాల తేడాతో రెండు ప్రేలుళ్ళు జరిగి పలువురు ప్రాణాలు కోల్పోయినారు. నూరుమందికి పైగా గాయపడినారు. ఆనాటి దుఃఖాన్ని ఈ ప్రాంతం వారెవ్వరూ మరువలేరు. అట్టి వేళ గాయపడినవారిని అనేక ఆస్పత్రులకు తరలించవలసి వస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియక బంధువులు ఒక ఆస్పత్రి నుండి మరొక ఆస్పత్రికి పరుగులు పెడతారు. చేర్చుకొన్నవారి పేర్లు, అవసరమైన రక్తం, ఖాళీ పడకలు అన్నీ ఒకే పట్టికలో కనబడితే ఆ బాధ కొంతైనా తగ్గుతుంది. ఇట్టి ఉమ్మడి పట్టికకు క్లౌడ్ మిక్కిలి అనుకూలమైనది.

ఇక చిరునామా విషయం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. ఆ మార్గంలోని ప్రతి స్తంభం మీద ఒక సంఖ్య వ్రాసి ఉన్నది. దుకాణదారులు తమ బోర్డుల మీద, పెండ్లిపత్రికల మీద సైతం "మెట్రో పిల్లర్ నంబరు ఫలానా ఎదురుగా" అని వ్రాయుట మనం చూస్తున్నాము. ఇంటి నంబరు తెలియనివాడు కూడ తలెత్తి ఆ సంఖ్య చదివి చెప్పగలడు. ఉపగ్రహం ఇచ్చే గుర్తు ఎత్తైన భవనాల మధ్య కొన్ని మీటర్లు అటునిటు కావచ్చును. స్తంభం మీది సంఖ్య మారదు. ఆ రాత్రి మా విద్యార్థి మిత్రుడు తమ సందు మొదట ఉన్న స్తంభం సంఖ్య చెప్పి ఉంటే అంబులెన్సు తిన్నగా అక్కడికే వచ్చి ఉండేది.

ఆరోగ్యచరిత్ర మన వెంట

డాక్టరుగారు అడిగిన ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరికే మార్గమేది? 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద ప్రతి పౌరుడూ 14 అంకెల 'ఆభా' నంబరు పొందవచ్చును. తన పరీక్షల ఫలితాలు, మందుచీటీలు ఆ నంబరుతో జతపరచుకొని, వైద్యుడు కోరినప్పుడు తన అనుమతితో చూపించవచ్చును. కాగితాలన్నీ ఒకే పెద్ద పెట్టెలో పోయుట ఇందులో ఉద్దేశం కాదు. అవి తయారైన ఆస్పత్రి వద్దనో, రోగి ఎంచుకొన్న చోటనో ఉంటాయి, అనుమతి లభించినప్పుడు మాత్రమే కదులుతాయి. అయితే స్పృహ లేని రోగి అనుమతి ఎట్లు ఇవ్వగలడు? అందుచేతనే నంబరు ఉన్నవారు సైతం రక్తవర్గం, వాడే మందులు, పడని మందులు, తల్లిదండ్రుల టెలిఫోను నంబరు వ్రాసిన చిన్న కాగితం జేబులో ఉంచుకొనవలెను. మొబైల్ ఫోనులో తాళం తీయకుండానే కనబడే అత్యవసర సమాచారంగా కూడ దీనిని వ్రాసుకొనవచ్చును.

పరిమితులు, ప్రమాదాలు

ఉర్దూలో "నీమ్ హకీం ఖత్రా-ఎ-జాన్" అనే సామెత ఉన్నది. అరకొర వైద్యుడు ప్రాణానికి ముప్పు అని దాని భావం. అరకొర సమాచారం కూడ అటువంటిదే. మన పాతబస్తీ హకీములు రోగి మణికట్టు పట్టుకొని నాడి చూడనిదే మందు చెప్పేవారు కారు. తెర మీద ముఖం చూచినంత మాత్రాన నాడి తెలియదు, పొట్ట నొక్కి చూచినట్లు కాదు. 2020 మార్చి 25న మన దేశంలో వెలువడిన దూరవైద్య మార్గదర్శకాలు ఈ హద్దును గుర్తించినవి. అత్యవసర పరిస్థితిలో దూరవైద్యం ప్రథమ చికిత్స, ప్రాణరక్షణ సూచనలు, ఎక్కడికి తీసుకొనిపోవలెనన్న సలహా వరకే పరిమితం కావలెనని, రోగిని ప్రత్యక్ష వైద్యానికి పంపవలెనని అవి చెప్పుచున్నవి.

రెండవ ప్రమాదం యంత్రానికి వచ్చేది. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దుండగుల దాడి జరిగి, అనేక రోజులపాటు రోగుల నమోదు చేతివ్రాతతో సాగించవలసి వచ్చినది. కావున ఎంత గొప్ప వ్యవస్థకైనా కాగితం, కలం తోడుగా ఉండవలెను. మూడవది రహస్య భంగం. రోగం మనిషి సొంత విషయం. ఫిట్సు ఉన్నదని తెలిస్తే పెండ్లి సంబంధం తప్పిపోతుందనే భయం మన ఇండ్లలో నేటికీ ఉన్నది. ఆ భయంతోనే మా విద్యార్థి తన మందుల సంగతి మిత్రులకు చెప్పలేదని తరువాత తెలిసినది. సమాచారాన్ని దాచి ఉంచవలసిన అవసరమూ, ఆపదలో వెల్లడించవలసిన అవసరమూ రెండూ నిజమే. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి అనుమతియే ప్రధాన సూత్రం; పదునెనిమిది ఏండ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావలెను. ఏ కళాశాల అయినా విద్యార్థుల ఆరోగ్య వివరాలు సేకరించే ముందు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

మనం చేయదగిన పనులు

విద్యార్థులు ఈ క్రింది విషయాలను కంఠస్థం చేయుట మంచిది.

1. ముందుగా స్థలం చెప్పవలెను: ప్రాంతం, సందు, మెట్రో స్తంభం సంఖ్య లేదా అందరికీ తెలిసిన గుర్తు. పిమ్మట రోగి స్థితి. అవతలివారు చెప్పేవరకు టెలిఫోను పెట్టివేయరాదు. తెలుగు రాకపోతే తనకు వచ్చిన భాషలోనే నిదానంగా చెప్పవలెను.

2. ఒకరు రోడ్డు మీదికి పోయి అంబులెన్సుకు ఎదురు నిలువవలెను.

3. ఫిట్సు వచ్చినవాని నోట్లో ఏమియు పెట్టరాదు, చేతులు కాళ్ళు అదిమి పట్టరాదు. తల క్రింద మెత్తని వస్త్రం ఉంచి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, గడియారం చూడవలెను. అయిదు నిమిషాలు దాటితే అది ప్రాణాపాయ స్థితి. తాళంచెవులకు ఫిట్సును ఆపే శక్తి లేదు.

4. స్పృహ లేక, శ్వాస కూడ సరిగా లేనివానికి రొమ్ము నడిమి భాగంలో నిమిషానికి 100 నుండి 120 మార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతున గట్టిగా నొక్కుచుండవలెను. మెదడు ప్రాణవాయువు లేకుండ నాలుగైదు నిమిషాలకు మించి క్షేమంగా ఉండలేదు గనుక, అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా ఈ పని దగ్గర ఉన్నవారే చేయవలెను. దీనిని శిక్షకుని వద్ద అభ్యసించుట అవసరం.

5. రోడ్డు ప్రమాదంలో సహాయపడితే పోలీసు కేసులో చిక్కుకొందుమన్న భయం వదలవలెను. సద్బుద్ధితో సహాయం చేసినవారికి 2016లో సుప్రీంకోర్టు తీర్పు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించినవి. పేరు చెప్పవలెనని వారిని నిర్బంధించరాదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన కళాశాల ద్వారం వద్ద, ప్రతి అంతస్తు మెట్ల వద్ద తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను ఒక పలక ఉంచితే బాగుండును. దాని మీద 108 నంబరు, కళాశాల పూర్తి చిరునామా, దగ్గరలోని గుర్తు వ్రాసి ఉండవలెను. కంగారులో ఉన్నవాడు దానిని చూచి చదివితే చాలును. సంవత్సరానికి ఒకసారి ప్రథమ చికిత్స శిక్షణ ఏర్పాటు చేసి, కోరినవారి ఆరోగ్య వివరాలను వారి అనుమతితో, తాళం గల బీరువాలో భద్రపరుపవచ్చును. వీనికయ్యే ఖర్చు స్వల్పం.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ క్లౌడ్ వ్యవస్థలను నిర్మించే ఇంజనీర్లు కావచ్చును, కొందరు వాటిని వాడే వైద్యులు కావచ్చును. ఎక్కువమంది మాత్రం ఏదో ఒక రాత్రి ఒక మిత్రుని ప్రక్కన నిలబడి టెలిఫోను చేయవలసినవారే. ఆనాడు అవతలి గొంతు మొదట అడిగేది "ఎక్కడి నుండి మాట్లాడుతున్నారు?" అనియే. ఈ వ్యాసం చదివినవారు నేటి సాయంత్రమే తమ గది నుండి రోడ్డు వరకు ఒకసారి నడిచి, దగ్గరలోని స్తంభం సంఖ్యను చూచి, వ్రాసుకొని, గదిలోని మిత్రులందరికీ చెప్పవలెనని కోరుచున్నాను.